సైబర్ సెక్యూరిటీ చదువు, ఉద్యోగం: విద్యార్థులు, తల్లిదండ్రులు, లెక్చరర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వారం మధ్యలో సైబర్ సెక్యూరిటీ నా ఉద్యోగం, వారాంతాల్లో డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్లి అదే పాఠం చెబుతుంటాను. ఎక్కడికి వెళ్లినా క్లాసు అయ్యాక నలుగురైదుగురు చుట్టూ చేరి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటికి నేను చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒక చోట పెడుతున్నాను. ఎవరికి ఏది అవసరమో అది చదువుకోండి.

సైబర్ సెక్యూరిటీ అంటే హ్యాకింగ్ నేర్చుకోవడమేనా?

కాదు. హ్యాకింగ్ అందులో ఒక చిన్న భాగం, అది కూడా ఉద్యోగాల సంఖ్య తక్కువగా ఉండే భాగం. ఎక్కువ మంది చేసే పని కాపలా పని: ఎవరికి ఏ సిస్టమ్‌లోకి అనుమతి ఉండాలో చూడటం, సాఫ్ట్‌వేర్ లోపాల్ని మూసే ప్యాచ్‌లు వేయించడం, సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లు చదవడం, అనుమానం వచ్చిన మెయిల్ మీద ఆరా తీయడం, ఏదైనా జరిగితే ఏం జరిగిందో రాసి పెట్టడం.

మన దగ్గరే జరిగిన కేసు చెబుతాను. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేశ్ కో-ఆపరేటివ్ బ్యాంక్ నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కొట్టేశారు. దొంగలు గోడ దూకలేదు, తాళం పగలగొట్టలేదు. ఉద్యోగులకు మెయిల్స్ పంపారు, ఒకరిద్దరు తెరిచారు, వాళ్ల కంప్యూటర్ల ద్వారా లోపలికి వచ్చి, కాచుకుని ఉండి, ఒక వారాంతంలో డబ్బును వందకు పైగా ఖాతాల్లోకి మళ్లించారు. దర్యాప్తు చేసిన హైదరాబాద్ పోలీసులు బ్యాంకులో ఉండాల్సిన మామూలు జాగ్రత్తలే లేవని తేల్చారు. తర్వాత ఆర్‌బీఐ 65 లక్షల జరిమానా కూడా వేసింది. ఈ కథలో మహా మేధావి హ్యాకర్ అక్కర్లేదు. మెయిల్ ఫిల్టర్ చూసుకునేవాళ్లు ఒకరు, ఎవరికి ఎంత అధికారం ఉందో నెలనెలా సరిచూసేవాళ్లు ఒకరు, వారాంతంలో కూడా అలర్ట్‌లు గమనించేవాళ్లు ఒకరు ఉంటే కథ ఇంకోలా ఉండేది. నేను తయారవ్వాలని కోరుకునేది ఆ ముగ్గురే.

నిజంగా ఉద్యోగాలు ఉన్నాయా, లేక కోచింగ్ సెంటర్ల ప్రచారమా?

రెండూ నిజమే. 2013లో కేంద్రం తెచ్చిన జాతీయ సైబర్ భద్రతా విధానంలోనే ఐదేళ్లలో 5 లక్షల మంది నిపుణుల్ని తయారు చేయాలని రాసుకున్నారు, అంటే కొరత ఇవాళ్టిది కాదు. ఆ తర్వాత నిబంధనలు ఒక్కొక్కటిగా బిగుసుకున్నాయి. 2016లో ఆర్‌బీఐ వాణిజ్య బ్యాంకులకు సైబర్ సెక్యూరిటీ ఏర్పాట్లు ఎలా ఉండాలో సర్క్యులర్ ఇచ్చింది. 2022 ఏప్రిల్‌లో, సైబర్ దాడుల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లోపు రిపోర్ట్ చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. 2023 డేటా రక్షణ చట్టంలో, జనం వివరాలకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల వరకు జరిమానా వేసే వీలుంది. 6 గంటల్లో రిపోర్ట్ చేయాలంటే ముందు దాడి జరిగిందని గుర్తుపట్టే మనిషి ఉండాలి కదా, ఆ మనిషి కోసమే వెతుకుతున్నారు.

అయితే ఫ్రెషర్లకు ఒక మాట సూటిగా చెప్పాలి. కంపెనీలు ఎక్కువగా అడిగేది రెండేళ్లు, మూడేళ్లు అనుభవం ఉన్నవాళ్లని. మొదటి ఉద్యోగం దొరకడం కష్టమే, ప్రకటనల్లో చెప్పేంత సులభం కాదు. ఎక్కువ మంది లోపలికి వచ్చే దారి అలర్ట్‌లను గమనించే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, అంటే అందరూ సాక్ అని పిలిచే చోట, ఎల్1 అనలిస్ట్‌గా, అంటే మొదటి మెట్టు ఉద్యోగిగా. ఇంకొందరు నెట్‌వర్క్ సపోర్ట్‌లోనో, సిస్టమ్ అడ్మిన్‌గానో, టెస్టింగ్‌లోనో చేరి ఏడాదిన్నర తర్వాత ఇటు మారతారు. అలా వచ్చినవాళ్లకు సిస్టమ్‌లు లోపల ఎలా నడుస్తాయో తెలుస్తుంది కాబట్టి, నాకు తెలిసినంతలో వాళ్లే గట్టిగా నిలబడతారు.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ పెట్టాలా, మామూలు సీఎస్ఈ పెట్టాలా?

బ్రాంచ్ పేరు చూసి కాలేజీ తగ్గించుకోకండి. మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ, ఈసీఈ వస్తుంటే దాన్ని వదిలి ఎక్కడో అధ్యాపకులు లేని చోట సైబర్ సెక్యూరిటీ అనే పేరు కోసం చేరడం నష్టం. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్, డేటాబేస్‌ల సబ్జెక్టు డీబీఎంఎస్ ఈ మూడూ బాగా చెప్పే కాలేజీ ఏదైనా సైబర్ సెక్యూరిటీకి మంచి కాలేజీయే.

ఆప్షన్లు పెట్టే ముందు ఒకసారి కాలేజీకి వెళ్లండి, తల్లిదండ్రులు కూడా వెళ్లండి. సీనియర్లని మూడు సంగతులు అడగండి: ల్యాబ్‌లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మిషన్ల మీద వారానికి ఎన్ని గంటలు కూర్చోబెడుతున్నారు, సెక్యూరిటీ సబ్జెక్టు చెప్పే సార్ లేదా మేడమ్ పర్మనెంటా లేక ప్రతి సెమిస్టర్‌కూ మారుతున్నారా, చివరి ఏడాది ప్రాజెక్టులు సొంతంగా చేస్తున్నారా, కొనుక్కొస్తున్నారా. బ్రోషర్‌లో లేని జవాబులు అక్కడ దొరుకుతాయి.

మాది బీకాం. మాది డిప్లొమా. మేము రావచ్చా?

రావచ్చు. బీకాం వాళ్లకు ఆడిట్, రిస్క్, నిబంధనల అమలు వైపు దారి ఉంది, కంపెనీల్లో దాన్ని జీఆర్‌సీ అంటారు. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ఈ పని చాలా ఉంటుంది, అక్కడ కోడ్ రాయడం కన్నా కాగితం మీద రాసిన నియమం నిజంగా అమలవుతోందా అని ఓపిగ్గా తేల్చడం ముఖ్యం. సీఏ చేసినవాళ్లకైతే ఐసీఏఐ వాళ్ల సమాచార వ్యవస్థల ఆడిట్ కోర్సు డీసా ఉంది. పాలిటెక్నిక్ వాళ్లు నెట్‌వర్క్ పని ముందే చేసి ఉంటారు కాబట్టి చాలాసార్లు బీటెక్ వాళ్లకన్నా తొందరగా అందుకుంటారు, కాకపోతే కొన్ని కంపెనీలు డిగ్రీ లేకపోతే దరఖాస్తే తీసుకోవు, అందుకని ఈసెట్ ద్వారానో దూరవిద్యలోనో డిగ్రీ పూర్తి చేయడం మంచిది.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీష్ అంటేనే టెన్షన్. ఇది నాకు అవుతుందా?

అవుతుంది. ఈ ప్రశ్న అడిగేవాళ్లు చాలామంది తలొంచుకుని అడుగుతారు, అలా అడగనక్కర్లేదు. మీకు కావాల్సిన ఇంగ్లీష్ రెండు రకాలు. ఒకటి, టూల్ మాన్యువల్ చదివి అర్థం చేసుకోవడం, ఇది నాలుగైదు నెలలు రోజూ చదివితే వచ్చేస్తుంది, ఎందుకంటే అవే రెండు మూడు వందల మాటలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రెండు, టికెట్ రాయడం, అంటే కంటపడిన సమస్యను నమోదు చేయడం. ఏ మిషన్, ఎన్ని గంటలకు, ఏం కనిపించింది, నేనేం చెక్ చేశాను, ఇంకేం చేయాలి. ఇవి ఐదు చిన్న వాక్యాలు. రోజూ చిన్న ల్యాబ్ చేసి, చివర్లో ఈ ఐదు వాక్యాలు రాసి, తప్పులుంటే తెలిసినవాళ్లతో దిద్దించుకోండి. విషయం తెలుగులో ఆలోచించి అర్థం చేసుకున్నవాళ్లు ఇంగ్లీష్‌లో బట్టీ పట్టినవాళ్లకన్నా ఇంటర్వ్యూలో బాగా చెప్పడం నేను చాలాసార్లు చూశాను. మాట్లాడే ఇంగ్లీష్ షిఫ్ట్‌ల్లో పడితే దానంతట అదే వస్తుంది.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? రోడ్‌మ్యాప్ చెప్పండి.

యూట్యూబ్‌లో రోడ్‌మ్యాప్‌లు చాలా ఉన్నాయి, చూసి దాచుకున్నవాళ్లూ చాలామంది ఉన్నారు. నేను చెప్పేది చిన్నది, కానీ చేత్తో చేయాలి.

మొదట లైనక్స్. ఓవర్‌దివైర్ సైట్‌లో బ్యాండిట్ అనే ఉచిత ఆట ఉంది. ఒక్కో మెట్టులో పాస్‌వర్డ్ ఎక్కడో దాక్కుని ఉంటుంది, అది దొరికితే తర్వాతి మెట్టు. తొలి మెట్లలోనే ఒక ఫైల్ పేరు ఉత్త అడ్డగీత, అంటే హైఫన్. ఫైల్‌లో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్ పక్కన హైఫన్ పెడితే ఫైల్ తెరుచుకోదు, కర్సర్ అలా ఆగిపోతుంది, ఎందుకంటే ఆ గీతను చూసి కమాండ్ మీరు కీబోర్డ్ మీద ఏదో టైప్ చేస్తారని ఎదురుచూస్తుంది. ఫైల్ పేరుకు ముందు చుక్క, స్లాష్ పెట్టాలి. ఇది ఎందుకలా అయిందో అరగంట తల పట్టుకుని తెలుసుకున్న విద్యార్థికి, ఒక ప్రోగ్రామ్ తనకు అందిన మాటను ఎలా అర్థం చేసుకుంటుందో తెలిసిపోతుంది. తర్వాత, డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్నలో సొంత కమాండ్ చొప్పించే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ దాడి గురించి నేర్చుకునేటప్పుడు పనికొచ్చేది సరిగ్గా ఈ ఆలోచనే. జవాబులు నెట్‌లో దొరుకుతాయి, వెతక్కండి.

రెండోది నెట్‌వర్క్. నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ అనే టూల్ వేసుకుని మీ సొంత కంప్యూటర్ ట్రాఫిక్ చూడండి. ఒక వెబ్‌సైట్ తెరిస్తే ముందు ఆ పేరుకు ఐపీ అడ్రస్ ఏదని అడిగే డీఎన్ఎస్ ప్రశ్న ఎలా వెళ్తుందో, టీసీపీలో మూడు ప్యాకెట్లతో కనెక్షన్ ఎలా కుదురుతుందో కళ్లతో చూడండి. మీరే చిన్న లాగిన్ పేజీ తయారు చేసి హెచ్‌టీటీపీ మీద పెట్టి, పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు ప్యాకెట్‌లో కనపడటం చూశాక, హెచ్‌టీటీపీఎస్ ఎందుకో మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడోది లాగ్‌లు. దీనికి నేను ఎక్కువ టైమ్ ఇస్తాను, ఎందుకంటే కాలేజీల్లో దాదాపు ఎవరూ చెప్పరు, ఉద్యోగంలో రోజంతా ఇదే. ఇంటర్నెట్‌కు తెరిచిన ఒక చిన్న క్లౌడ్ సర్వర్ పెడితే, మీరెవరికీ చెప్పకపోయినా, కొద్ది గంటల్లోనే ఎక్కడెక్కడి నుంచో రూట్, అడ్మిన్ అంటూ లాగిన్ ప్రయత్నాలు మొదలవుతాయి, అవన్నీ లాగ్‌లో వరసగా కనిపిస్తాయి. ఏ అడ్రస్ నుంచి ఎన్నిసార్లు, ఏ పేర్లతో, ఎంత వేగంగా అని లెక్క తీసే పైథాన్ స్క్రిప్ట్ మీరే రాయండి. విండోస్ లాగ్‌ల్లో అయితే ఈవెంట్ నంబర్ 4625 అంటే విఫలమైన లాగిన్, 4624 అంటే సఫలమైనది. వందసార్లు 4625 వచ్చి వెంటనే ఒక 4624 వచ్చిందంటే ఏమై ఉండొచ్చో ఆలోచించండి. ఇంటర్వ్యూలో ఇదే అడుగుతారు.

ఇవి కుదిరాక వెబ్ వైపు వెళ్లొచ్చు. పోర్ట్‌స్విగర్ అకాడమీ పాఠాలు, ల్యాబ్‌లు ఉచితం, వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ వాళ్ల జ్యూస్ షాప్ కావాలనే లోపాలతో తయారు చేసిన దుకాణం సైట్, మీ కంప్యూటర్‌లోనే పెట్టుకుని పగలగొట్టుకోవచ్చు.

ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి?

16 జీబీ ర్యామ్ ఉంటే హాయి, 8 జీబీతో కూడా, ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపించే వర్చువల్‌బాక్స్‌లో ఒక లైనక్స్ మిషన్ నడుస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ కోసం అప్పు చేయొద్దు. ల్యాప్‌టాప్ అసలే లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో బ్రౌజర్‌తో నడిచే ట్రైహ్యాక్‌మీ లాంటివి వాడొచ్చు, అందులో గదులు అని పిలిచే పాఠాలు కొన్ని ఉచితంగానే ఉంటాయి.

అమీర్‌పేటలో లక్ష రూపాయల కోర్సు, జాబ్ గ్యారంటీ అంటున్నారు. చేరమంటారా?

గ్యారంటీ అని చెప్పే చోట చేరకండి. ఉద్యోగం ఇచ్చేది వాళ్లు కాదు, కాబట్టి ఆ మాట చెప్పే హక్కూ వాళ్లకు లేదు. ఇంకా ఘోరం ఏంటంటే, కొన్ని చోట్ల లేని అనుభవాన్ని రెజ్యూమెలో రాయించి పంపుతారు. నమ్మకమే సరుకుగా ఉండే ఈ రంగంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో దొరికితే కెరీర్ మొదలవకముందే ఆగిపోతుంది.

బాగా చెప్పే కోచింగ్ సార్లు లేరని కాదు, ఉన్నారు. చేరేముందు ఒక వారం కూర్చుని చూడండి. క్లాసులో సార్ సొంతంగా ల్యాబ్ చేసి, తప్పు వస్తే అక్కడికక్కడే మీ ముందు సరిచేస్తున్నారా, లేక స్లైడ్లు చదువుతున్నారా అన్నది చాలు తేల్చుకోవడానికి. ఇంజినీరింగ్, ఎంసీఏ లాంటివి అయిపోయినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ ఆరు నెలల పీజీ డిప్లొమా ఉంది, డిటిస్ అంటారు, సీ-క్యాట్ పరీక్ష రాసి చేరాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెడతారు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు.

ఏ సర్టిఫికెట్‌కి విలువ ఎక్కువ?

మీరు ఎక్కడున్నారనే దాన్ని బట్టి. ఫ్రెషర్‌కి సెక్యూరిటీ ప్లస్ లాంటి మొదటి స్థాయి సర్టిఫికెట్ సరిపోతుంది. ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్ సీఈహెచ్ పేరు మన దగ్గర హెచ్‌ఆర్‌లకు బాగా తెలుసు కాబట్టి రెజ్యూమె వడపోతలో పనికొస్తుంది, కానీ ఖర్చుతో పోలిస్తే నేర్పేది తక్కువని నా అభిప్రాయం. ఓఎస్‌సీపీ కష్టమైనది, దాదాపు 24 గంటలపాటు నిజంగా మిషన్లలోకి చొరబడి చూపించి, తర్వాత రిపోర్ట్ రాసి ఇవ్వాలి. అది పాసైనవాళ్ల చేతిలో పని ఉందని అందరికీ తెలుసు. సీఐఎస్‌ఎస్‌పీకి ఐదేళ్ల అనుభవం కావాలి, థర్డ్ ఇయర్‌లో దాని పుస్తకం కొనకండి. డబ్బు లేకపోతే ఏ సర్టిఫికెట్టూ లేకుండా, మీరు చేసిన ల్యాబ్‌ల గురించి మీ మాటల్లో రాసిన 15 వ్యాసాలు గిట్‌హబ్‌లో పెట్టండి. ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేను మొదట తెరిచేది అదే.

ప్రాక్టీస్ కోసం మా కాలేజీ వెబ్‌సైట్ మీద ట్రై చేస్తే తప్పేంటి? చెడు ఉద్దేశం లేదు కదా!

తప్పే. అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌లోకి వెళ్లడం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది, నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. మోసపు ఉద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మీ ఉద్దేశం మీకు తెలుసు, కేసు రాసే ఎస్ఐ గారికి కనపడేది లాగ్‌లో ఉన్న మీ ఐపీ అడ్రస్.

అనుకోకుండా లోపం కంటపడితే ఇంకా లోపలికి వెళ్లకండి, డేటా డౌన్‌లోడ్ చేయకండి, స్క్రీన్‌షాట్ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టకండి. ఆ సంస్థకు మెయిల్ రాయండి, పట్టించుకోకపోతే సెర్ట్-ఇన్‌కు రిపోర్ట్ చేయొచ్చు, లోపాల వివరాలు తీసుకునే ఏర్పాటు వాళ్ల దగ్గర ఉంది. హ్యాకర్‌వన్, బగ్‌క్రౌడ్ లాంటి చోట్ల కంపెనీలే ఏది పరీక్షించొచ్చో, ఏది కూడదో రాసి మరీ పిలుస్తాయి. ఆ హద్దుల పేజీ పూర్తిగా చదివాకే కీబోర్డ్ ముట్టుకోండి.

నేను లెక్చరర్‌ని. మా కాలేజీలో బడ్జెట్ లేదు. ఏం చేయగలను?

చాలా చేయగలరు. ఈ పేజీలో నేను అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకునే ప్రశ్న ఇదే. ఒక మంచి విద్యార్థి తయారైతే ఒక ఉద్యోగి వస్తాడు, మీలాంటివాళ్లు ఒకరు నిలబడితే ఏటా అరవై మంది వస్తారు.

ల్యాబ్‌కి డబ్బు దాదాపు అక్కర్లేదు. ఉన్న పాత కంప్యూటర్ల మీదే వర్చువల్‌బాక్స్, కాలీ లైనక్స్, వైర్‌షార్క్, జ్యూస్ షాప్ నడుస్తాయి, అన్నీ ఉచితం. వాజు అనే ఓపెన్ సోర్స్ సాధనం ఒక్క మిషన్‌లో పెట్టి మిగతావాటి లాగ్‌లు అందులోకి పంపితే, మీకొక చిన్న సాక్ వచ్చినట్టే. ఒకే ఒక్క నియమం: ఈ ల్యాబ్ నెట్‌వర్క్‌ను కాలేజీ ఆఫీసు, పరీక్షల విభాగం నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విడదీయండి.

క్లాసులో ప్యాచ్‌ల పాఠం చెప్పాలంటే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వానాక్రై గురించి చెప్పండి. 2017 మేలో అది ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ రంధ్రాన్ని మూసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. మధ్యలో రెండు నెలలు ఉంది. ఆ రెండు నెలల్లో ఒక ఆఫీసులో ఎవరు ఏం చేసి ఉండాలి అని పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టి రాయించండి. ఏ మిషన్లు ఉన్నాయో జాబితా లేని చోట ప్యాచ్ ఎవరు వేస్తారన్న ప్రశ్న దగ్గరికి వాళ్లే వస్తారు.

సిలబస్ సర్దుకోవడానికి అమెరికా సంస్థ ఎన్‌ఐఎస్‌టీ తయారు చేసిన నైస్ ఫ్రేమ్‌వర్క్ చూడండి, ఒక్కో ఉద్యోగంలో చేసే పనులేంటి, వాటికి ఏ జ్ఞానం, ఏ నైపుణ్యం కావాలి అని విడదీసి రాశారు, ఉచితంగా దొరుకుతుంది. కేంద్ర ఐటీ శాఖ ఐసియా ప్రాజెక్టులో అధ్యాపకులకు శిక్షణ, అవగాహన సామగ్రి ఉన్నాయి, అందులో అవగాహన పనులు నడిపేది మన హైదరాబాద్ సీ-డాక్ కేంద్రమే, తెలుగులో కూడా పోస్టర్లు, పుస్తకాలు దొరుకుతాయి. బ్యాంకింగ్ వైపు ఆసక్తి ఉన్న పిల్లలకు ఆర్‌బీఐ 1996లో హైదరాబాద్‌లోనే స్థాపించిన బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ గురించి చెప్పండి, ఇంత దగ్గర్లో ఉన్నా చాలామందికి ఆ పేరే తెలియదు.

ఇంకోటి, సీటీఎఫ్ క్లబ్ పెట్టండి, సీటీఎఫ్ అంటే సిస్టమ్‌లో దాచిన జవాబును వెతికి పట్టే హ్యాకింగ్ పోటీ. అమృత విశ్వవిద్యాపీఠం కేరళ క్యాంపస్ విద్యార్థుల జట్టు బయోస్ దేశంలోనే ముందు వరసలో నిలిచింది. సీనియర్లు జూనియర్లకు ఏళ్ల తరబడి నేర్పుతూ రావడమే వాళ్ల బలం. అది గుంటూరులోనూ వరంగల్‌లోనూ సాధ్యమే, వారానికి ఒక సాయంత్రం ల్యాబ్ తాళం మీ చేతికివ్వమని ప్రిన్సిపల్ గారిని ఒప్పించగలిగితే చాలు.

అమ్మాయిలకు నైట్ షిఫ్ట్‌లు ఉంటాయట కదా? మా ఇంట్లో ఒప్పుకోరు.

సాక్‌లో షిఫ్ట్‌లు ఉంటాయి, నిజమే, అబ్బాయిలకైనా అమ్మాయిలకైనా. పెద్ద కంపెనీలు రాత్రి క్యాబ్ ఇస్తాయి, కొన్ని చోట్ల ఇంటి నుంచే చేయనిస్తారు. షిఫ్ట్‌లే వద్దనుకుంటే అప్లికేషన్ సెక్యూరిటీ, జీఆర్‌సీ, క్లౌడ్ సెక్యూరిటీ, క్రిప్టోగ్రఫీ పరిశోధన ఎక్కువగా పగటి పనులే. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: షిఫ్ట్ వేళలు, రవాణా గురించి కంపెనీని నేరుగా అడిగి తెలుసుకుని అప్పుడు నిర్ణయించండి, చుట్టాల మాటల మీద కాదు.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా?

ఎల్1 స్థాయిలో ఒకే రకం అలర్ట్‌లను చూసి మూసేసే పని తగ్గుతుంది, ఇప్పటికే తగ్గుతోంది. టూల్ చెప్పింది నిజమో కాదో లాగ్ తెరిచి చూసి తేల్చగలిగే మనిషి అవసరం తగ్గదు. పైన చెప్పిన లైనక్స్, నెట్‌వర్క్, లాగ్‌ల పునాది మీద అంత పట్టు పట్టేది అందుకే. మోసగాళ్లు కూడా అవే టూల్స్ వాడుతున్నారు, నమ్మించి వివరాలు లాగే ఫిషింగ్ మెసేజ్‌లు తప్పుల్లేని తెలుగులో వస్తున్నాయి.

ఏజెంట్ ఒకాయన విదేశంలో కంప్యూటర్ ఉద్యోగం, వీసా అంతా తానే చూస్తానంటున్నాడు. వెళ్లొచ్చా?

ఆగండి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన యువకుల్ని కాంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, కాల్ చేసి మనవాళ్లనే మోసం చేసే పని చేయించారు. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం అన్నా, ఇంటర్వ్యూలో పని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోయినా, కంపెనీ పేరు చెప్పడానికి తటపటాయించినా వెళ్లొద్దు. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంట్ రిజిస్టర్ అయి ఉన్నాడో లేదో చూడండి, పక్కింటి కుర్రాడు వెళ్తున్నా చూసి చెప్పండి.

స్కూల్ పిల్లలకు ఇది ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

ఎనిమిదో తరగతి నుంచి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నడిపే పికోసీటీఎఫ్ పోటీ స్కూల్ పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే తయారైంది, ఉచితం. దానికన్నా ముందు ఇంట్లో ఒక పని అప్పజెప్పండి: అమ్మమ్మ, తాతయ్యల ఫోన్లలో అనవసరమైన యాప్‌లు తీసేయడం, వాట్సాప్‌కి రెండంచెల వెరిఫికేషన్ పెట్టడం, డబ్బు పోతే వెంటనే ఫోన్ చేయాల్సిన 1930 నంబర్‌ను కాంటాక్ట్స్‌లో సేవ్ చేసి, ఎప్పుడు చేయాలో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం. ఓపిగ్గా చెప్పి ఒప్పించడం వచ్చిన పిల్లలు రేపు ఏ కంపెనీలోనైనా అవగాహన క్లాసులు బాగా నడుపుతారు, పెద్ద కంపెనీల్లో అదీ ఒక ఉద్యోగమే.

మా ఊళ్లో ఎవరూ ఈ రంగంలో లేరు. ఎవరిని కలవాలి?

నల్ అనే సెక్యూరిటీ కమ్యూనిటీకి హైదరాబాద్‌లో శాఖ ఉంది, మీటింగ్‌లకు ఫీజు లేదు, విద్యార్థులు కూడా మాట్లాడొచ్చు. ఓవాస్ప్ వాళ్లకూ శాఖలున్నాయి. మొదటిసారి వెళ్లినప్పుడు చెప్పేవి సగం అర్థం కావు, పర్వాలేదు, మీటింగ్ అయ్యాక టీ దగ్గర నిలబడి మీరు చేసిన ఒక ల్యాబ్ గురించి ఎవరితోనైనా మాట్లాడండి. హైదరాబాద్ రాలేనివాళ్లు మీ కాలేజీ పూర్వ విద్యార్థుల్లో ఈ పని చేస్తున్నవాళ్లని లింక్డిన్‌లో వెతికి, "సార్, గైడెన్స్ ఇవ్వండి" అని కాకుండా, ఫలానా ల్యాబ్‌లో ఫలానా చోట ఆగిపోయాను అని స్పష్టంగా రాయండి. అలా రాసినవాళ్లకు జవాబులు వస్తాయి.